నేల రూపము దాల్చిన విధము
(కొమర్రాజు వేంకట లక్ష్మణరావుగారి స్మృత్యర్థము చేసిన ఉపన్యాసము)



1906వ సంవత్సరమున విజ్ఞానచంద్రికా గ్రంథమండలిని నెలకొల్పి, దేశచరిత్రలతోపాటు ప్రకృతిశాస్త్రములను గూడ తెలుగువాడు తెలుగుననే చదువుకొనునట్లు చేయవలెనని దీక్షబూని, ఆంధ్రవిజ్ఞానసర్వస్వమను మహాకార్యమును ఒంటిచేతిమీదుగా సాగించుచు, అది ముగియకమునుపే 1923లో నలువదియారేండ్ల ప్రాయమున కీర్తిశేషులైన లక్ష్మణరావుగారి పేర నేడు ప్రసంగించు అవకాశము నాకు లభించినది. వారు ప్రధానముగా చరిత్రకారులు. శాసనములను వెదకి చదివి, వాని సాక్ష్యమునకు లోబడి మాటలాడినవారు. కనుక, ఏ రాజును వేయింపని శాసనమైన ఈ భూతలమును మానవుడు చదువనేర్చిన క్రమమును వారి స్మృతికి తగిన విషయముగా ఎంచుకొంటిని.

కొండ ఉన్నచోటనే ఏల ఉన్నది? లోయను త్రవ్వినదెవరు? మైదానము మొదటినుండియు మైదానమేనా? ఈ ప్రశ్నలకు భూస్వరూపశాస్త్రము నేడు చెప్పు సమాధానములకంటె ఆ సమాధానములు వచ్చిన త్రోవయే నన్ను ఎక్కువగా ఆకర్షించినది. నాకు ప్రధానముగా తోచు విషయమును మొదటనే మనవి చేసికొందును. నేలరూపమును గూర్చి విద్వాంసులు పొరబడిన సందర్భములలో పెక్కింట ఆధారము వారి కన్నులయెదుటనే యుండెను. ఆ ఆధారము కోరు కాలప్రమాణమును అంగీకరించు సాహసమే కొరవడెను. ఒకప్పుడు అది కోట్ల సంవత్సరముల నిడివిని ఒప్పుకొను సాహసము. మరియొకప్పుడు కొలదిదినములలో ఒక విశాలప్రదేశము ఆమూలముగా మారిపోయినదని ఒప్పుకొను సాహసము. మొదటిది ఫలించి సిద్ధాంతమైన పిమ్మట, ఆ సిద్ధాంతమే రెండవదానికి చిరకాలము అడ్డునిలిచినది.

పర్వతములకు ఒకప్పుడు రెక్కలుండెననియు, అవి యెగిరి వాలినచోట జనపదములు నలిగిపోవుచుండగా ఇంద్రుడు వజ్రాయుధముతో ఆ రెక్కలను ఖండించెననియు, మైనాకుడు మాత్రము సముద్రమున దాగి బ్రతికెననియు మన పురాణములు చెప్పుచున్నవి. ఇందు శాస్త్రమును వెదకుట పురాణమునకును శాస్త్రమునకును గూడ అన్యాయము. అయినను కొండ ఆదినుండి అచలము కాదను ఊహ మన పూర్వులకు వింతగా తోచలేదని గ్రహింపవచ్చును. పదునొకండవ శతాబ్దారంభమున పారసీక వైద్యుడును తత్త్వవేత్తయునగు ఇబ్న్ సీనా, కొండలు రెండు విధముల ఏర్పడునని వ్రాసెను: భూకంపాదులచేత నేల పైకి లేచుట ఒకటి, నీరును గాలియు మెత్తని భాగమును కోసికొనిపోగా గట్టి భాగము నిలిచియుండుట రెండవది, ఇందుకు దీర్ఘకాలము పట్టునని గూడ ఆయన గుర్తించెను. అదే శతాబ్దమున చీనాదేశపు అధికారి షెన్ కువో, సముద్రమునకు బహుదూరముననున్న తైహాంగ్ పర్వతపు చరియలలో గవ్వల వరుసలను చూచి, అది ఒకప్పటి కడలితీరమనియు, తీరమునకును కొండకును నడుమనున్న నేలయంతయు నదులు తెచ్చిపోసిన ఒండుమట్టియనియు నిర్ణయించెను. ఇంతకంటె స్పష్టముగా ఆలోచించినవారు ఐరోపాలో తరువాత ఆరువందల యేండ్లవరకు అరుదు. అచ్చట 1681లో థామస్ బర్నెట్ అను మతాచార్యుడు, పర్వతములు జలప్రళయమున పగిలిన సృష్టియొక్క శిథిలములని వర్ణించెను. సృష్టి జరిగి ఆరువేల యేండ్లు మించలేదను లెక్క సర్వత్ర చెల్లుబాటులో నుండెను.

ఆ లెక్కను కూలద్రోసినవాడు ఒక రైతు. జేమ్స్ హట్టన్ 1726లో ఎడింబరోలో జన్మించి, వైద్యము చదివి పట్టము పుచ్చుకొనియు ఆ వృత్తి నవలంబింపక, బెర్విక్‌షైర్‌లో తనకు సంక్రమించిన పొలమునకు పోయి వ్యవసాయము చేసెను. ప్రతి వానకును చేలలోని మట్టి కాలువలోనికి, కాలువనుండి ఏటిలోనికి, ఏటినుండి సముద్రములోనికి పోవునని సేద్యము చేయు ప్రతివానికి తెలియును. హట్టన్ ఆ సంగతిని తుదవరకు వెంబడించెను. మట్టి యనగా శిథిలమైన శిల. శిల శిథిలము కానిదే పైరు లేదు, పైరు లేనిదే ప్రాణి లేదు. కాని ఆ మట్టి నిరంతరము సముద్రమున కలియుచుండగా, ఎన్నటికైనను నేలయంతయు హరించిపోవలసినదే గదా! ప్రాణులకు ఆశ్రయమైన భూమి తన్ను తాను తినివేసికొనునట్లు నిర్మితమైనదని నమ్ముటకు ఆయన బుద్ధి అంగీకరింపలేదు. సముద్రగర్భమున పేరుకొన్న అవక్షేపములు గట్టిపడి, భూగర్భమందలి ఉష్ణముచేత పైకెత్తబడి, మరల నేలయగుననియు, ఆ నేల మరల అరిగి సముద్రమును చేరుననియు, ఈ చక్రము ఎన్ని మారులు తిరిగినదో లెక్కింప వీలులేదనియు ఆయన నిశ్చయించుకొని, 1785లో ఎడింబరో రాయల్ సొసైటీ యెదుట ఆ సిద్ధాంతమును వినిపించెను.

1788లో హట్టన్ తన మిత్రులగు జాన్ ప్లేఫేర్, సర్ జేమ్స్ హాల్ అనువారితో కూడి, స్కాట్లండు తూర్పుతీరము వెంట పడవలో పోయి సికార్ పాయింట్ అను రాతికొమ్మును చేరెను. అచ్చట బూడిదవన్నె శిలాస్తరములు ఇంచుమించు నిట్టనిలువుగా నిలిచియున్నవి. వాని తలలు నరికినట్లు అరిగియున్నవి. ఆ అరిగిన తలలమీద ఎఱ్ఱని ఇసుకరాతి పొరలు కొలదివాలుతో పరుండియున్నవి. ఈ దృశ్యమును చదువుట ఎట్లు? క్రింది పొరలు మొదట సముద్రపు అడుగున అడ్డముగా పేరుకొనవలెను, గట్టిపడవలెను, ముడుతలువడి నిలువుగా లేవవలెను, పైకి వచ్చి గాలివానలకు అరిగి చదును కావలెను, పిదప ఆ చదునుమీద ఎఱ్ఱని ఇసుక పొరలుపొరలుగా దిగి, అదియు రాయి కావలెను, అంతయు కలిసి మరల లేచి నేడు మన పాదములక్రిందికి రావలెను. ఒక్కొక్క పనికి ఎంత కాలము! ఆ రెండు శిలలమధ్య గడచినది ఆరుకోట్ల సంవత్సరములకు పైబడిన కాలమని నేటి గణనము. హట్టన్ చేతిలో ఏ గణనయంత్రమును లేదు, కేవలము రెండు పొరల పొంతనలేని కలయిక యున్నది. ఆనాటి సంభ్రమమును ప్లేఫేర్ తాను రచించిన హట్టన్ జీవితచరిత్రలో పదిలపరచెను.

ఇట్టి కలయికనే చూడవలెనన్న మనవారు స్కాట్లండు పోనక్కరలేదు. తిరుపతినుండి తిరుమలకు పోవు కనుమదారిలో, క్రింద అతిప్రాచీనమగు గ్రానైటును దానిమీద కడప ప్రాంతపు శిలాసముదాయమునకు చెందిన క్వార్ట్‌జైటు పొరలును కలియుచోటు స్పష్టముగా కనబడుచున్నది. ఆ కలయికగీతలో లుప్తమైన కాలము సికార్ పాయింటులో లుప్తమైనదానికంటె అనేకరెట్లు అధికము. భారత భూగర్భ సర్వేక్షణశాఖ దీనిని జాతీయ భూగర్భ స్మారకచిహ్నముగా గుర్తించినది. ఏడుకొండలవాని దర్శనమునకు పోవు వేలాది భక్తులు ప్రతిదినము దాని ప్రక్కగా సాగిపోవుచున్నారు; వారిలో ఒకరిద్దరికైనను ఆ గీతను చూపి చెప్పువారుండవలెనని నా కోరిక.

హట్టన్ వచనము చదువుటకు కఠినము. ఆయన భావములను లోకమునకు అందజేసినవాడు ప్లేఫేర్. 1802లో ప్రకటించిన గ్రంథమున ప్లేఫేర్ లోయలను గూర్చి ఒక తర్కము చెప్పెను. ఉపనది యెంత చిన్నదైనను, అది తన లోయగుండ ప్రవహించి పెద్దనదిని సరిగా దాని మట్టముననే కలియుచున్నది. లోయలు ఏ భూకంపముననో ఒక్కమారుగా పగిలినవైనచో, వేలకొలది లోయలకు ఈ మట్టము ఎట్లు కుదిరినది? నది తన లోయను తానే త్రవ్వుకొన్నదనుట తప్ప దీనికి వేరు సమాధానము లేదు. శాస్త్రచరిత్రలో ఇంత కొలదిమాటలలో ఇంత పెద్ద సంగతిని స్థాపించిన తర్కములు ఎక్కువ లేవు.

చార్లెస్ లయెల్ 1830 మొదలు 1833 వరకు మూడు సంపుటములుగా ప్రకటించిన భూగర్భశాస్త్ర గ్రంథము హట్టన్ భావమును శాస్త్రమర్యాదగా మార్చినది. నేడు మనము చూచుచున్న శక్తులే నేటి వేగముననే పూర్వమును పనిచేసినవనియు, గతమును వివరించుటకు మహోపద్రవములను కల్పింపరాదనియు ఆయన శాసించెను. ఆ గ్రంథపు తొలి సంపుటమును వెంటబెట్టుకొని చార్లెస్ డార్విన్ బీగిల్ నౌక నెక్కెను. ప్రళయవాదమునుండి శాస్త్రమును విడిపించిన ఉపకారము లయెల్‌ది. ఆ ఉపకారము చిన్నది కాదు. అయినను ఆయన వాక్యములో రెండు భిన్నవిషయములు ముడిపడియున్నవి. ప్రకృతినియమములు మారవనుట ఒకటి, ప్రకృతి పనిచేయు వేగము మారదనుట మరియొకటి. మొదటిది లేనిదే శాస్త్రమే లేదు. రెండవది పరీక్షింపవలసిన ఊహ మాత్రమే. ఈ రెంటిని ఒకటిగా చూచుటవలన ఎంత చిక్కు వచ్చినదో ముందు చెప్పెదను.

తొలి చిక్కు మంచునుండి వచ్చినది. ఆల్ప్స్ పర్వతములకు దూరముగా, ఆ ప్రాంతపు శిలతో పోలికలేని మహాపాషాణములు పొలములలో పడియుండుట అందరు ఎరిగినదే. జలప్రళయము తెచ్చినవని కొందరు, మంచుదిబ్బలమీద తేలివచ్చినవని కొందరు చెప్పుచుండిరి. స్విట్జర్లండులో పెరోదెన్ అను పర్వతవాసియైన వేటగాడు, పూర్వము హిమానీనదములు లోయయంతయు నిండియుండెననియు, అవియే ఆ రాళ్లను మోసికొనివచ్చినవనియు 1815లోనే ఝాన్ ద షార్‌పాంత్యేతో చెప్పెను. ఆ శాస్త్రజ్ఞుడు అప్పుడు నమ్మలేదు. ఇంజనీరగు వెనెత్స్ నమ్మి పరిశీలించెను. క్రమముగా షార్‌పాంత్యేయును నమ్మెను. వారి మాట తప్పని నిరూపింపవలెనని వచ్చిన లూయీ అగాసీ, తానే పరివర్తితుడై 1837లో హిమయుగవాదమును ప్రకటించెను. వేటగాని కన్ను ఆ పర్వతములను ప్రతిదినము చూచిన కన్ను. ఆ ఘనతను ఆయనకు ఇచ్చుట న్యాయము.

స్కాట్లండులోని గ్లెన్ రాయ్ లోయకు ఇరుప్రక్కల కొండవాలుమీద సమాంతరములగు మెట్లవంటి గీతలున్నవి. సముద్రము ఒకప్పుడు అంతయెత్తుననుండి క్రమముగా దిగుటచేత అవి యేర్పడినవని డార్విన్ 1839లో వ్రాసెను. ఆ మరుసటి యేటనే అగాసీ వచ్చి చూచి, హిమానీనదము లోయముఖమును మూసివేయగా నిలిచిన సరస్సుయొక్క తీరరేఖలవి అనెను. డార్విన్ ఇరువదియేండ్లకుపైగా తన పక్షమును వీడక, తుదకు తన వ్యాసము పొరపాటని ఒప్పుకొనెను. అంతటి పరిశీలకుడు అచ్చట పొరబడుట ఏలయనగా, లయెల్ నేర్పిన త్రోవలో సముద్రము లేచుట, దిగుట ఉన్నవి. నేడు మంచులేని దేశమున మంచు నిండియుండుట లేదు.

ఈ హిమకథలో మన దేశమునకును పాలు కలదు. 1856లో బ్లాన్‌ఫర్డ్ సోదరులు మొదలగువారు ఒరిస్సాలోని తాల్చేరు ప్రాంతమున సన్నని మట్టిరాతిలో పెద్ద పెద్ద గుండ్లు పొదిగియుండుట గమనించి, ఇది మంచు చేసిన పని కావలెనని సూచించిరి. ఉష్ణమండలమున హిమానీనదములా యని నవ్వదగిన మాట! కాని అదియే నిజమైనది. దాదాపు ముప్పదికోట్ల సంవత్సరములక్రిందట ఈ భూభాగము దక్షిణధ్రువసమీపమున నుండెను. తాల్చేరు శిలలకు సంబంధించిన గోండ్వానా స్తరములే గోదావరిలోయలోనికి సాగివచ్చి, పైభాగమున మన సింగరేణి బొగ్గును దాచియున్నవి.

పర్వతముల పుట్టుకను గూర్చిన ఒక ముఖ్యభావము సైతము ఈ దేశపు నేలను కొలుచుటలోనే పుట్టినది. 1802లో మద్రాసు పరంగిమలవద్ద లాంబ్టన్ ఆరంభించిన మహాత్రికోణమాపనము దక్కనుగుండ ఉత్తరమునకు సాగి, ఆయన మరణానంతరము ఎవరెస్టు అను అధికారి చేతిమీదుగా హిమాలయసమీపమును చేరెను. కలియానా, కలియాన్‌పూరు అను రెండు స్థానముల అక్షాంశభేదము నేలను కొలిచినప్పుడొక తీరున, నక్షత్రములను చూచినప్పుడొక తీరున వచ్చి, రెంటికి 5.236 సెకండ్ల తేడా యుండెను. హిమాలయముల ఆకర్షణ లంబసూత్రమును ప్రక్కకు లాగుచున్నదని కలకత్తాలోని మతాధికారి ప్రాట్ లెక్కవేసెను. కాని ఆ లెక్కప్రకారము తేడా 15.885 సెకండ్లు ఉండవలెను. పర్వతము తన పరిమాణమునకు తగినంత లాగకుండుట ఏల? 1855లోనే ఆంగ్ల ఖగోళశాస్త్రజ్ఞుడు ఏరీ సమాధానము చెప్పెను: పర్వతము క్రింది బరువైన పదార్థమున లోతుగా దిగిన వేరు కలదై తేలుచున్నది. దీనినిబట్టి, ధాన్యపు బస్తాలు దింపినకొలది పడవ నీటిపైకి తేలినట్లు, నదులు పైభాగమును కోసికొనిపోయినకొలది పర్వతము మెల్లగా పైకి లేచుచుండును. క్షయమే ఉత్థానమునకు కారణమగుచున్నది. హట్టన్ వెదకిన పునరుద్ధరణమునకు ఒక యంత్రము ఇట్లు లెక్కలోని ఒక చిన్న తేడానుండి బయటపడినది.

అమెరికా పశ్చిమప్రాంతమున, అంతర్యుద్ధములో ఒక చేయి కోల్పోయిన పావెల్ 1869లో కొలరాడో నదిమీద పడవలలో పోయి, నది అంతకు దిగువకు కోసికొనజాలని మట్టమొకటి కలదను భావమును 1875లో ప్రకటించెను. ఆయన సహచరుడు గిల్బర్టు 1877లో హెన్రీ పర్వతములనుగూర్చి వ్రాసిన నివేదికలో, శిల దృఢత్వమునకును వాలునకును ప్రవాహబలమునకును నడుమ ఒక సమతౌల్యము ఏర్పడునని వివరించెను. నా అభిప్రాయమున ఆ శతాబ్దపు భూస్వరూపరచనలలో ఇది అగ్రగణ్యము. కాని అది చిరకాలము అనాదృతమై పడియుండెను. ఏలయనగా హార్వర్డు ఆచార్యుడు విలియం మారిస్ డేవిస్ 1889 మొదలు ప్రచారము చేసిన క్షయచక్రసిద్ధాంతము అందరి మనస్సులను దోచుకొనెను. నేల శీఘ్రముగా పైకి లేచును. పిదప నిశ్చలముగా నుండును. నదులు దానిని బాల్య యౌవన వార్ధక్యదశలగుండ నడిపించి, తుదకు దాదాపు మైదానముగా చేయును. ఎంత మనోహరమైన కథ! మా తరమువారు పాఠశాలలో చదివినదంతయు ఇదియే. దీని లోపమును జర్మనీలో వాల్తెర్ పెంక్ పట్టుకొనెను: నేల లేచుచుండగనే అరుగును, ఒకటి ముగిసిన పిమ్మట మరియొకటి ఆరంభము కాదు. ఆయన 1923లో ముప్పదియైదేండ్లకే మరణింపగా, తండ్రి అల్‌బ్రెష్ట్ పెంక్ ఆ గ్రంథమును మరుసటి యేట ప్రకటించెను.

ఇక లయెల్ మర్యాద న్యాయమునకు అడ్డుపడిన కథ. వాషింగ్టన్ రాష్ట్రపు తూర్పుభాగమున బసాల్టు పీఠభూమిమీద విశాలమైన ఎండిన కాలువలు, నీరులేని జలపాతముల గోడలు, కొండవంటి కంకరగుట్టలు, శిలలో తొలిచిన మహాగుండములు ఉన్నవి. డ్రై ఫాల్స్ అను ఎండుజలపాతము వెడల్పు అయిదున్నర కిలోమీటర్లు, ఎత్తు 120 మీటర్లు. చికాగో ఆచార్యుడు జె. హార్లెన్ బ్రెట్జ్ ఏటేట వేసవిలో అచ్చట కాలినడకన తిరిగి, ఇవి అన్నియు ఒకానొక మహాప్లావనము అత్యల్పకాలమున చేసిన పనులని 1923లో ప్రకటించెను. 1927 జనవరిలో వాషింగ్టన్ నగరమున ఆయనను సభకు పిలిచి, ప్రముఖులు ఒకరి వెంట నొకరు లేచి ఆక్షేపించిరి. వారిలో పెక్కుమంది ఆ ప్రదేశమును చూడనైన చూడలేదు. ప్రళయవాదము మరల దొడ్డిదారిన వచ్చుచున్నదను భయము వారిది. నీరు ఎచ్చటనుండి వచ్చినదను ప్రశ్నకు బ్రెట్జ్ వద్ద తగిన సమాధానము లేదు. కాని పార్డీ అను శాస్త్రజ్ఞుడు మోంటానాలో మిసూలా అను లుప్తమైన హిమసరస్సును 1910లోనే వర్ణించియుండెను. 1940లో ఆయనయే ఆ సరస్సు అడుగున ఎంతో ఎత్తుగల అలలవంటి కంకరవరుసలను చూపి, రెండువేల ఘనకిలోమీటర్లకు మించిన ఆ జలరాశి మంచుకట్ట తెగి ఒక్కపెట్టున దూకినదని తెలియునట్లు చేసెను. అట్టి వరదలు ఒకటి గాదు, అనేకములని నేడు స్థిరపడినది. 1965లో అంతర్జాతీయ శాస్త్రజ్ఞబృందము ఆ ప్రదేశమును తిరిగిచూచి బ్రెట్జ్‌కు అభినందనల తంతి పంపెను. 1979లో తొంబదియారేండ్ల వయస్సున ఆయనకు పెన్‌రోజ్ పతకము లభించినది. అప్పటికి వ్యోమనౌకలు తీసిన కుజగ్రహపు ఛాయాచిత్రములలో ఇట్టి కాలువలే కనబడగా, వానిని చదువుటకు బ్రెట్జ్ పరిశోధనయే దారిచూపినది.

ఇచ్చట ఎవరిని నిందింపవలెను? ఆక్షేపించినవారు అజ్ఞానులు కారు, శాస్త్రమును కాపాడవలెనని యత్నించినవారే. వారి దోషము ఒక్కటే: నేలను చూడకమునుపే తీర్పు చెప్పిరి.

1960ల తరువాత ఫలకచలన సిద్ధాంతము పర్వతోత్థానమునకు కారణము చూపినది. హాక్ అను అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు 1960లో గిల్బర్టు సమతౌల్యమును పునరుద్ధరించెను. 1965లో షూమ్, లిక్టీ అనువారు ప్రకటించిన చిన్న వ్యాసము నాకు మిక్కిలి ప్రియము. నదిలోయ వాలు కోట్ల యేండ్ల లెక్కలో ఫలము, ఒక సంవత్సరపు లెక్కలో కారణము. ఏది కారణము, ఏది కార్యము అనునది మనమెంచుకొన్న కాలప్రమాణముమీద ఆధారపడునని వారు చూపిరి. డేవిసును గిల్బర్టును ఒకే ప్రశ్నకు వేర్వేరు జవాబులు చెప్పలేదనియు, వేర్వేరు ప్రశ్నలకు చెప్పిరనియు అప్పుడు తేటపడినది. నేడు విశ్వకిరణములు క్వార్ట్‌జులో పుట్టించు బెరీలియం-10 అను పరమాణువులను లెక్కించి, ఒక శిలాతలము ఎన్నివేల యేండ్లుగా ఆకాశమును చూచుచున్నదో చెప్పగలుగుచున్నారు.

మన నేలనుగూర్చి కొంత చెప్పి విరమింతును. హైదరాబాదు చుట్టునున్న గ్రానైటుగుండ్లు ఒకదానిపైనొకటి పేర్చినట్లు నిలిచియుండుటను చూచి, ఎవరో రాక్షసులు పేర్చిరని పల్లెలలో చెప్పుకొందురు. ఆ శిల సుమారు రెండువందల యేబదికోట్ల సంవత్సరముల నాటిది. అది నేలలోపలనే యుండగా పగుళ్లవెంట నీరు దిగి చుట్టుభాగమును మెత్తని మట్టిగా చేయగా, పిదప ఆ మట్టి కొట్టుకొనిపోయి గుండ్లు మిగిలినవని శాస్త్రజ్ఞుల వివరణ. ఇట్టి రెండంచెల క్రమమునే లింటన్ అను భూగోళశాస్త్రజ్ఞుడు 1955లో ఇంగ్లండులోని డార్ట్‌మూర్ గుట్టలకును చెప్పెను. గండికోటవద్ద పెన్న కోసిన లోయ, పాపికొండల నడుమ గోదావరి చేసికొన్న దారి, రెండు డెల్టాల మధ్య కొల్లేరు నిలిచిన తీరు ప్లేఫేర్ తర్కమునకును గిల్బర్టు సమతౌల్యమునకును ప్రత్యక్షపాఠములు. మానవుడును నేడు ఇందొక శక్తి: ఎగువ ఆనకట్టలవలన ఒండుమట్టి తగ్గి, కృష్ణాగోదావరుల డెల్టాతీరము పెక్కుచోట్ల కోతకు లోనగుచున్నది.

హైదరాబాదు గుండ్లు కంకరయగుచున్నవి. కనుమదారులు వెడల్పు చేయునప్పుడు పొరల కలయికలు సిమెంటుక్రింద కప్పబడుచున్నవి. ఒకమారు పగులగొట్టిన సాక్ష్యమును మరల వ్రాయించుటకు ఏ ప్రభువునకును శక్తి లేదు. కావున కళాశాలల అధ్యాపకులకును, విద్యార్థులకును నా విన్నపము: మీ మండలములోని గుట్టను, వాగును, రాతికోతను స్వయముగా నడచి చూడుడు, చూచినదానిని కొలతలతో, పటములతో, తెలుగున వ్రాసి ప్రకటింపుడు, పొరల కలయిక ఏదైన కనబడినచో దానిని కాపాడుడని స్థానికాధికారులను అడుగుడు. లక్ష్మణరావుగారు ఆరంభించి విడిచిన విజ్ఞానసర్వస్వములో ఈ పుటలు ఇంకను వ్రాయవలసియున్నవి.